చలనచిత్ర వీరునికి వార్ధక్యము

2023 జూన్ 30వ తేదీన అమెరికాలో ‘ఇండియానా జోన్స్ అండ్ ది డయల్ ఆఫ్ డెస్టినీ’ అను చలనచిత్రము విడుదలయైనది. అందలి నాయకుడు హారిసన్ ఫోర్డ్ 1942 జూలై 13న జన్మించినవాడు. అనగా చిత్రము తెరమీదికి వచ్చిననాటికి ఆయనకు 81 ఏండ్లు నిండుటకు 13 దినములు మాత్రమే తక్కువ. మన యిండ్లలో ఆ వయస్సు పెద్దలు మెట్లు దిగునప్పుడు మనము చేయి పట్టుకొని దింపుదుము. ఆయన మాత్రము తెరమీద గుఱ్ఱమెక్కి న్యూయార్కు నగరపు భూగర్భ రైలు మార్గములో దౌడు తీయించినాడు, మూడు చక్రముల బండి నెక్కి సందుగొందులలో శత్రువులను తప్పించుకొన్నాడు, సముద్రగర్భమునకు దిగినాడు.

దానితో ఒక వాదము బయలుదేరినది. వీరుడు వృద్ధుడైన పిమ్మట అతని చిత్రమాలికను ఇంకను సాగింపవలెనా, ముగింపవలెనా? ముగింపవలె ననువారు ఆయన ముఖముమీది ముడుతలను చూపుచున్నారు. సాగింపవలె ననువారిలో కొందరు ఆ టోపీని మరియొకరి తలమీద పెట్టుమనుచున్నారు. మరి కొందరు యంత్రసహాయమున ఆ ముఖమునే తిరిగి పడుచుముఖము చేయుమనుచున్నారు. మా అభిప్రాయము ఈ ఇరుపక్షములకును కొంచెము ఎడముగా నున్నది. ముసలితనమువలన ఆ చిత్రములకు కలిగిన నష్టము స్వల్పము. దానిని దాచబోయినందువలన కలిగిన నష్టమే అధికము.

ఈ మాట నిలువవలెనన్న ఆ వీరుడెట్టివాడో ముందుగా జ్ఞాపకము చేసికొనవలెను. 1977లో హవాయీ ద్వీపపు సముద్రతీరమున జార్జ్ లూకస్, స్టీవెన్ స్పీల్‌బర్గ్ అను ఇద్దరు యువ దర్శకులు కూర్చుండి మాటలాడుకొన్నారు. జేమ్స్ బాండ్ చిత్రమొకటి తీయవలెనని తనకు కోరిక యున్నదని స్పీల్‌బర్గ్ అన్నాడు. అంతకంటె మంచిది తనయొద్ద కలదని లూకస్ ఒక పురావస్తుశాస్త్రజ్ఞుని కథ చెప్పినాడు. కళాశాలలో పాఠము చెప్పుచు, వీలు దొరికినప్పుడు కొరడా చేతబట్టి ప్రాచీన వస్తువులకై దేశదేశములు తిరుగు ఆచార్యుడు అతడు. వారమున కొక భాగము చొప్పున చూపుచు, ప్రతి భాగము చివరను నాయకుని కొండకొమ్మున వ్రేలాడదీసి ఆపివేయు పాత సీరియల్ చిత్రముల సంతానమే ఈ కథ. మొదట ఆ పాత్రకు టామ్ సెలెక్ అను నటుని ఎన్నుకొన్నారు. ఆయన ఒక టెలివిజన్ ధారావాహికకు ఒప్పందపడి యుండుటచేత రాలేకపోయినాడు. పాత్ర ఫోర్డ్‌కు దక్కినది. 1981లో మొదటి చిత్రము ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ వచ్చుసరికి ఆయనకు 38 ఏండ్లు. అప్పటికే మరీ పడుచువాడు కాడు.

జేమ్స్ బాండ్‌కు దెబ్బ తగిలినను దుస్తులు నలగవు. ఇండియానా జోన్స్ అట్టివాడు కాడు. అతడు ఒక గుద్దు గుద్దినచో రెండు గుద్దులు తినును; గుద్దిన తరువాత చేయి విదిలించుకొనును. అతనికి పాములన్న భయము. మొదటి చిత్రములో ఓడమీద మేరియన్ అను యువతి అతని గాయములు తుడువబోవును. ఎచట ముట్టుకొన్నను అతడు మూల్గును. విసిగిపోయి ఆమె, నొప్పి లేని చోటేదో చూపుమని అడుగగా అతడు మోచేయి చూపును, తరువాత నుదురు చూపును. వయస్సువలన కాదు, తిరిగిన తిరుగుడువలన తానిట్లయితినని ఆ సందర్భముననే ఆమెతో అనును. వీరుని ఒడలు నొచ్చునని ఒప్పుకొన్న సాహస చిత్రములు అంతకు ముందు లేకపోలేదు గాని, ఆ నొప్పినే హాస్యమునకును, ప్రేమకును ఆధారము చేసికొన్నవి అరుదు.

ఇందులో నటుని శరీరమునకు గల భాగము కొంచెము కాదు. ట్యునీషియాలో చిత్రీకరణ జరుగుచుండగా ఫోర్డ్‌కు విరేచనములు పట్టుకొన్నవి. ఆనాడు తీయవలసినది దీర్ఘమైన ద్వంద్వయుద్ధము. నల్లని దుస్తులు ధరించిన ఖడ్గధారి యొకడు పెద్ద కత్తి గిరగిర త్రిప్పుచు ఎదురువచ్చును. కొరడాతో నాయకుడు వానిని గెలువవలెను. ఆ ఎండలో గంటలకొలది నిలుచు ఓపిక నటునికి లేదు. తుదకు నాయకుడు ఒక్క క్షణము వానివంక విసుగుతో చూచి, పిస్తోలు తీసి ఒక్క గుండుతో పని ముగించినట్లు తీసినారు. ఆ చిత్రము పేరు చెప్పగానే జనులకు ముందుగా జ్ఞప్తికి వచ్చు ఘట్టములలో అది యొకటి. వ్రాసి పెట్టుకొన్న యుద్ధముకంటె నటుని నీరసమే ఎక్కువ పనికివచ్చినది. 1984 నాటి రెండవ చిత్రము తీయునప్పుడు ఆయనకు వెన్నుపూసల నడుమ దెబ్బ తగిలి, చికిత్సకై లాస్ ఏంజిలిస్ పోవలసివచ్చినది. ఆ వారములలో విక్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను డూపు టోపీ పెట్టుకొని కెమెరాకు వీపు చూపుచు పని గడపినాడు.

ఆ రెండవ చిత్రమునుగూర్చి మనవారికి వేరొక జ్ఞాపకము కూడ ఉండును. కథ మన దేశములో జరుగును. కాని అందలి రాజగృహపు విందులోని పాములు, కోతి మెదడులు ఏ భారతీయుని యింటను ఎవరును ఎరుగరు. కథ చూచి మన ప్రభుత్వము మార్పులు కోరగా, నిర్మాతలు అంగీకరింపక శ్రీలంకలోని కాండీకి పోయి చిత్రీకరించినారు. కొంతకాలము ఇచట దాని ప్రదర్శనకు అనుమతి లభింపలేదు. అందు నరబలులిచ్చు పూజారిగా నటించిన అమరీష్ పురీనే తెలుగువారు 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో మాంత్రికుడుగా చూచినారు. ఆ రెండవ భాగము రాకపోయినను మేము విచారించెడివారము కాము.

1989లో వచ్చిన మూడవ చిత్రము ‘లాస్ట్ క్రూసేడ్’ మాత్రము వేరు. అందు నాయకునికి తండ్రిని తెచ్చినారు. ఆ తండ్రిపాత్ర ధరించినవాడు ఒకప్పటి జేమ్స్ బాండ్, షాన్ కానరీ. ఆయన 1930లో పుట్టినవాడు; కొడుకుకంటె తండ్రికి పండ్రెండేండ్లే ఎక్కువ! అయినను చూచువారికి ఆ లెక్క తోచదు. మందలించు తండ్రి, మందలింపబడిన నలువది దాటిన కొడుకు కన్నులకు కట్టుదురు. అదే చిత్రమునకు మొదట 1912 నాటి కథ కలదు. అందు బాలుడైన ఇండియానాగా రివర్ ఫీనిక్స్ అను కుఱ్ఱవాడు నటించినాడు. ఆ బాలునికి ఫోర్డ్ ముఖము అతికింపలేదు. నడకలోను, చూపులోను పోలిక తెచ్చుకొన్నాడు, అది చాలినది. చివరకు తండ్రికొడుకులు, మిత్రులు గుఱ్ఱములెక్కి అస్తమించు సూర్యునివైపు సాగిపోవుదురు. ఇచట ముగిసియుండవలసినదని చాలమంది అందురు. అది మంచి ముగింపే. కాని ఆ సూర్యుడు అస్తమించిన తరువాత వీరుని బ్రతుకు ఎట్లుండునన్న ప్రశ్న కూడ మంచి ప్రశ్నయే; దానికి సరియైన కథ వ్రాయలేకపోవుట వేరు, ప్రశ్నయే వలదనుట వేరు.

పందొమ్మిదేండ్ల తరువాత, 2008లో, నాలుగవ చిత్రము వచ్చినది. ఫోర్డ్‌కు అప్పటికి 65 ఏండ్లు, కథాకాలము 1957. నటుడు పెద్దవాడైన మేరకు పాత్రయు పెద్దదైనదని దాచక చెప్పినారు, ఇది మెచ్చుకొనదగినదే. అయితే అందు ఒక ఘట్టము కలదు. ఎడారిలో అణ్వస్త్రపరీక్ష జరుగబోవుచున్నదని తెలిసి నాయకుడు సీసపు పూతగల రిఫ్రిజిరేటరులో దూరి తలుపు వేసికొనును. బాంబు ప్రేలును, పెట్టె ఆకాశమున కెగిరి మైళ్ళకొలది దూరములో పడి దొర్లును, నాయకుడు తలుపు తెరచుకొని బయటికి వచ్చి దుమ్ము దులుపుకొనును. ప్రేక్షకులు నవ్వినారు, కాని ఆ నవ్వు వేరు. 38 ఏండ్ల వయస్సులో మోచేయి తప్ప ఒడలెల్ల నొచ్చినవానికి 65వ యేట అణుబాంబు తగిలియు నొప్పి లేకుండుట ఎట్లు? ఆ చిత్రము నడువకపోలేదు. ప్రపంచమంతట సుమారు 79 కోట్ల డాలర్లు వచ్చినవి. ఐనను దానిని ప్రేమించినవారు కొద్దిమంది. వీరుడు ముసలివాడైనందుకు ఎవరును అలుగలేదని మా నమ్మకము. అతనికి నొప్పి తెలియకుండ పోయినందుకే అలిగినారు.

ఇక అయిదవ చిత్రము. స్పీల్‌బర్గ్ తప్పుకొనగా జేమ్స్ మాన్‌గోల్డ్ దీనికి దర్శకుడైనాడు. ఇందులో మొదటి ఇరువది నిమిషములకు పైగా నడచు కథ 1944 నాటిది. నాజీల రైలుమీద నాయకుడు పరుగులెత్తును, పోరాడును. అతనికి నలువది నలువదియైదేండ్ల ముఖము. 1975లో లూకస్ స్థాపించిన ‘ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్’ సంస్థవారు పాత చిత్రములనాటి ఫోర్డ్ ముఖములను దాచియుంచిన ఫిల్ములనుండి వెదకి తీసి, కంప్యూటరుల సాయమున ఆ వృద్ధనటుని ముఖముమీద కప్పినారు. పని సామాన్యమైనది కాదు. దీపపు వెలుగులో ఒక్కొక్క క్షణము నిజమే అనిపించును.

కాని ఆయన నోరు తెరచును. రేడియోలో పనిచేయు మావంటివారు ముఖముకంటె ముందు గొంతు పట్టుకొందుము. అది మా వృత్తి నేర్పిన అలవాటు. ఆ పడుచు ముఖమునుండి వచ్చిన గొంతు ఎనుబదికి చేరువైన మనుష్యునిది. మాటకును మాటకును నడుమ ఊపిరి పీల్చుకొను కాలము పెరిగినది. అక్షరముల అంచులు అరిగినవి. అడుగుస్వరములో చిన్న గరుకు చేరినది. ముఖమును ముప్పదియైదేండ్లు వెనుకకు నడిపించినారు, గొంతును అచటనే వదలివేసినారు. ఆ ఇరువది నిమిషములును మాకు ఒక మనుష్యుడు మరియొకని ముసుగు వెనుకనుండి మాటలాడుచున్నట్లే యుండినది.

దీనికి ఎదురుగా ఒక ప్రశ్న రావచ్చును: రేడియో నాటకములలో అరువదియేండ్ల నటుడు పాతికేండ్ల రాజకుమారుడగుట లేదా, అది మోసము కాదా అని. అగుచున్నాడు. ఏ ఆకాశవాణి కేంద్రమున కేగినను అట్టివారు కనిపింతురు. కాని అచట శ్రోత తన మనస్సులో రాజకుమారుని తానే చిత్రించుకొనును. నటుడు గొంతు సన్నగిలజేసి, వడి పెంచి, దానికి తోడ్పడును. ఇరువురును కలిసి ఆడు ఆట అది. రంగస్థలమున స్థానం నరసింహారావుగారు సత్యభామ యైనప్పుడును అంతే. చూచుచున్నది పురుషునని ఎరుగనివారు ప్రేక్షకులలో లేరు. ఎరిగియు, ఆ నడకకును ఆ వాలుచూపునకును ముగ్ధులైనారు. ముందు వరుసకును రంగమునకును నడుమ గల ఆ నాలుగు బారల దూరము కూడ తోడ్పడినది. కెమెరా ఆ దూరమును మిగులనీయదు. క్లోజప్పులో కంటిరెప్పలు లెక్కపెట్టవచ్చును. అంత దగ్గర నిలుచుండి, ఇది నిజమే నమ్ముమని ఒత్తిడి చేయుట వేరు, నటించుచున్నాను చూడుమని పిలుచుట వేరు.

ఆ ముసుగు తొలగిన వెంటనే చిత్రము మంచిదైనది. 1969వ సంవత్సరము. చంద్రునిమీద దిగివచ్చిన వ్యోమగాములకు న్యూయార్కులో ఊరేగింపు. ప్రక్కవాటాలోని పాటల హోరుకు నిద్రలేచిన ముసలి ఇండియానా పైబట్ట లేకయే లేచివచ్చును; వ్రేలాడు చర్మము, వంగిన భుజములు కెమెరా దాచదు. 1981లో అతని పాఠమునకు తరగతి నిండ విద్యార్థినులు. ఒకతె కనురెప్పలమీద ప్రేమవాక్యము వ్రాసికొని వచ్చినది. ఇప్పుడు హంటర్ కళాశాలలో అతడు పాఠము చెప్పుచుండగా పిల్లలు కునుకుపాట్లు పడుచున్నారు. ఆనాడే అతని ఉద్యోగ విరమణము. తోటివారు ఒక గడియారము బహూకరింతురు. అతడు దానిని దారిలో ఎవరో బీదవాని చేతిలో పెట్టి పోవును. కొడుకు వియత్నాము యుద్ధములో మరణించినాడు. మేరియన్ విడిపోయినది. లోకమంతయు చంద్రునివైపు చూచుచున్నప్పుడు భూమిలో పూడిపోయినవాటిని త్రవ్వుకొనువాని మాట ఎవరికి కావలెను? ఈ కొద్ది దృశ్యములలో ఉద్యోగము విరమించిన ప్రతి ఇంటిపెద్దయు తన్ను తాను చూచికొనగలడు.

అటుపిమ్మట మరల పరుగులు ప్రారంభమైనవి. ఇచట మాకు కలిగిన అనుభవము చెప్పవలెను. పడుచు వీరుడు జారిపడినచో మనము నవ్వుదుము, లేచునని తెలియును. ఎనుబదియేండ్లవాడు జారిపడినచో మనకు తెలియకయే చేయి ముందుకు చాపుదుము. డూపు పడినాడని తెలిసినను ఆ చేయి ఆగదు. 2021 జూన్‌లో ఈ చిత్రపు పోరాటమొకటి అభ్యసించుచుండగా ఫోర్డ్ భుజమునకు నిజముగనే దెబ్బ తగిలినది. మరుసటి ఏడు సెప్టెంబరులో ఒక బహిరంగ సభలో ఆయన, ఇదియే చివరిది, ఇక మీకొరకు క్రింద పడబోనను భావము తెలిపినాడు. నటుడు తన వృత్తిని పడుటగా వర్ణించుకొనుట మాకు మిక్కిలి సరిగా తోచినది. ఆ పాత్ర పని అదియే: పడుట, మూల్గుట, లేచుట. అందులో మూడవది కష్టమైన వయస్సు వచ్చినప్పుడు పని విరమించుకొనుట న్యాయమే. చిత్రములో కూడ ఒక గుహగోడ నెక్కుచు ఇండియానా తన కీళ్ళను, భుజమును, తిన్న తుపాకి గుండ్లను లెక్కపెట్టి చెప్పుకొనును. ఆ రెండు నిమిషములు రైలుమీది ఇరువది నిమిషములకంటె విలువైనవి.

ధనము సంగతి ఒక్క మాట. దాదాపు 30 కోట్ల డాలర్లు వ్యయమైనదని పత్రికలు వ్రాసిన ఈ చిత్రమునకు ప్రపంచమంతట వచ్చినది సుమారు 38 కోట్లు. అందులో ప్రదర్శనశాలల భాగము పోగా నిర్మాతకు మిగిలినది నష్టమే. కావున ఫోర్డ్‌తో ఆరవ చిత్రము తీయుదమను ఆశ వ్యాపారులకును ఉండనక్కరలేదు. ఆ విధముగా ప్రశ్న సగము తీరినది. మిగిలిన సగమే చిక్కైనది: ఫోర్డ్ లేకుండ ఇండియానా జోన్స్ ఉండవచ్చునా?

ఉండవచ్చును, బాండ్ లేడా అని కొందరందురు. 1962 నుండి 2021 వరకు ఒకే సంస్థ 25 బాండ్ చిత్రములు తీసినది. ఆరుగురు నటులు మారినారు. రోజర్ మూర్ 1985లో 57 ఏండ్ల వయస్సున చివరిసారి నటించి, అప్పటికే తన వయస్సు మించిపోయినదని తరువాత తానే పరిహాసమాడుకొన్నాడు, మరియొకరు వచ్చినారు, లోకము సాగినది. కాని బాండ్ ఒక ఉద్యోగము పేరు. 007 అను అంకె ముందే యున్నది, కుర్చీయున్నది. వచ్చినవారు కూర్చుందురు, పోవువారు లేతురు. ఇండియానా జోన్స్‌కు అట్టి కుర్చీ లేదు. ఫోర్డ్ వంకర నవ్వు, విరేచనములనాటి విసుగు, విరిగిన వెన్ను, ఇవి కలిసి ఆ మనుష్యుడైనవి. ఫోర్డ్‌దే మరియొక ప్రసిద్ధపాత్ర హాన్ సోలో. 2015లో ఆ పాత్ర కథలో మరణించినది. 2018లో ఆల్డెన్ ఎరెన్‌రైక్ అను యువకుడు యౌవనములోని సోలోగా ఒక చిత్రమున నటించినాడు. శ్రద్ధగనే నటించినాడు గాని నిర్మాతలకు నష్టము వచ్చినది, కథ ముందుకు సాగలేదు.

మరియొక మార్గము కలదు. అది మన రామాయణమునకు తెలిసినదే. సముద్రము దాటవలసి వచ్చినప్పుడు జాంబవంతుడు తన యౌవనపు బలము తలచుకొని, ఇప్పుడు తొంబది యోజనములకు మించి దుముకజాలనని నిజము చెప్పినాడు. చెప్పి, మూల కూర్చున్న హనుమంతునికి అతని బలము గుర్తుచేసినాడు. అమెరికా చిత్రములలో ఈ పని చేసినది సిల్వెస్టర్ స్టాలోన్. 1976లో ముష్టియోధుడు రాకీగా పేరుపొందిన ఆయన, 2015లో ‘క్రీడ్’ అను చిత్రమున తన పాత ప్రత్యర్థి కుమారునికి గురువై నిలిచినాడు. గోదాలోనికి శిష్యుడు దిగినాడు, గురువు అంచున నిలిచి తువ్వాలు పట్టుకొన్నాడు. ఆ పాత్రకు ఆస్కారు బహుమతికి పేరు ప్రతిపాదింపబడినది. ఇండియానా చిత్రములవారికి ఈ దారి తెలియక కాదు. 2008లో చివర పెండ్లి జరుగుచుండగా గాలికి టోపీ ఎగిరి కొడుకు కాళ్ళయొద్ద పడును. అతడు దానిని ఎత్తి తలకు పెట్టుకొనబోవుచుండగా తండ్రి చటుక్కున లాగికొని తానే ధరించును. అప్పుడు నవ్వు వచ్చినది. అయిదవ చిత్రము నాటికి ఆ కొడుకు కథలోనే లేకుండ పోయినాడు. టోపీ అందుకొనుటకు ఎవరును మిగులలేదు.

ఇప్పుడు కొందరు చూపు మూడవ మార్గమే మమ్ము ఈ ప్రసంగమునకు పురికొల్పినది. నటుడు లేకున్నను అతని ముఖము ఉన్నదికదా అనునది ఆ మార్గము. 2016 నాటి ‘రోగ్ వన్’ అను చిత్రములో, 1994లోనే మరణించిన పీటర్ కుషింగ్ అను నటుడు మాటలాడినాడు. శరీరము వేరొక నటునిది, ముఖము కుషింగ్‌ది. వారసుల అనుమతి తీసికొన్నారు, నిజమే. కాని అనుమతి ఇవ్వవలసినవాడు లేడు. 2023లో అమెరికా నటుల సంఘము జూలై 14 నుండి 118 దినములు సమ్మె చేసినప్పుడు వారి కోరికలలో ఇది ముఖ్యమైనది: మా రూపమును కంప్యూటరులో తయారుచేయునప్పుడు మమ్ము అడుగవలెను, ప్రతిఫల మీయవలెను అని. కోట్లు గడించు నాయకులకంటె గుంపులో నిలుచు చిన్న నటులకు ఆ భయమెక్కువ. ఒకనాటి కూలి యిచ్చి రూపము తీసికొన్నచో మరునాడు పిలువనక్కరలేదు గదా! సమ్మె ముగిసిన ఒప్పందములో సమ్మతియు, ప్రతిఫలమును చేరినవి. 2024 సెప్టెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రము చనిపోయిన నటుల రూపమునకును వారసుల సమ్మతి కావలెనని శాసనము చేసినది.

2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ ఒక వీడియో ఆటగా వచ్చినాడు. అందలి కథ 1937 నాటిది. ముఖము పడుచు ఫోర్డ్‌ది. గొంతు ట్రాయ్ బేకర్ అను మరియొక నటునిది. ఫోర్డ్ స్వయముగా ఆ పనిని మెచ్చుకొన్నాడు. మాకును దానిపై ఆక్షేపణ లేదు. అది ఆటయని ఆడువానికి తెలియును. బొమ్మ బొమ్మగనే కనిపించును. ఫోర్డ్ గొంతు కంప్యూటరులో వండి వార్చక, ఒక మనుష్యుడు అభ్యాసముచేత ఆ గొంతు తెచ్చుకొన్నాడు. అనుకరణము పాత కళ. మన ధ్వన్యనుకరణ కళాకారులు దానితో సభలను నవ్వించుచునే యున్నారు. తెరమీద జీవించియున్న మనుష్యునివలె నిలిపి, ఇతడే ఆతడు అని చెప్పినప్పుడే మా ఆక్షేపణ.

కావున మా తీర్పు ఇది. ఫోర్డ్‌తో ఆ మాలిక ముగియవలెను, ముగిసినది. ఆయన ముఖముతో, ఆయన లేకుండ, చలనచిత్రము తీయరాదు. ఎప్పుడో ఒకనాడు వేరొక నటుడు ఆ టోపీ ధరింపదలచినచో, రివర్ ఫీనిక్స్ వలె తన ముఖముతోనే రావలెను, తన మోకాళ్ళు తానే కొట్టుకొనవలెను. ప్రజలు అంగీకరింతురో లేదో అప్పుడు చూతము. మా వరకు మాకు తొందర లేదు.

మాలిక ముగిసినంతమాత్రమున నటుడు ముగిసిపోడనుటకు ఫోర్డే సాక్షి. 2023లో ప్రారంభమైన ‘ష్రింకింగ్’ అను టెలివిజన్ ధారావాహికలో ఆయన పార్కిన్‌సన్ వ్యాధి సోకిన వృద్ధ మనోవైద్యునిగా నటించుచున్నాడు. వణకు చేయి, దానిని ఒప్పుకొనని అభిమానము, కూతురితో చెప్పలేక చెప్పిన మాట, ఇవన్నియు అందు కలవు. ఆ పాత్రకే 2025లో, 83వ యేట, ఆయన పేరు మొదటిసారిగా ఎమీ బహుమతికి ప్రతిపాదింపబడినది. అచట గొంతును ముఖమును ఒకే వయస్సులో నున్నవి.

అయిదవ చిత్రపు చివరి దృశ్యము ఇంకను చెప్పవలసి యున్నది. ఆర్కిమెడీస్ కాలపు సిరక్యూస్ నగరమునకు పోయి, అచటనే ఉండిపోదునని పట్టుపట్టిన ఇండియానాను బలవంతముగా వెనుకకు తెత్తురు. గాయముతో తన యింట మేలుకొనును. మేరియన్ తిరిగివచ్చును; సంచిలో కూరలు, సరుకులు. 42 ఏండ్ల క్రింద ఓడమీద జరిగిన సంభాషణనే ఇప్పుడు తిరుగవేసి ఆడుదురు. ఈసారి ఒడలెల్ల నొచ్చుచున్నదనునది ఆమె. నొప్పి లేని చోటేదో అడుగునది అతడు. కారెన్ ఆలెన్ అను ఆ నటియు ఫోర్డ్‌తోడనే పెద్దదైనది. ఆమె ముఖమును ఎవరును చిన్నది చేయలేదు. ఆమె మోచేయి చూపును. అచట దీపము తగ్గించి చిత్రము ఆపివేసిన బాగుండెడిది. కాని మరియొక్క దృశ్యము చేర్చినారు: మేడ ప్రక్కన బట్టల తీగెకు టోపీ ఆరవేసియున్నది, తెర చీకటి కాబోవుచుండగా కిటికీనుండి ఒక చేయి చటుక్కున వచ్చి దానిని లోపలికి లాగికొనును. ఆ చేయి లేకున్నను చిత్రమునకు లోటు కలిగెడిది కాదు.